తూటాల మధ్య మొదట చేయాల్సింది వైద్యం కాదు

తొడకు తూటా తగిలి ఒక మనిషి రోడ్డు మధ్యలో పడి ఉన్నాడు. కాల్పులు ఇంకా ఆగలేదు. ఇప్పుడేం చేయాలి? ప్రథమ చికిత్స క్లాసుకు ఒక్కసారైనా వెళ్లొచ్చినవాళ్లను అడిగితే రెండు జవాబులు వస్తాయి. పరుగెత్తుకెళ్లి ఎత్తుకురావాలని కొందరంటారు. ‘అంతా సేఫ్’ అని పోలీసులు చెప్పేదాకా అటు అడుగు వేయకూడదని మిగతావాళ్లంటారు. మొదటి పని చేస్తే క్షతగాత్రుడు ఒకడల్లా ఇద్దరవుతారు. రెండోది చేస్తే ఆ ఒక్కడూ మన కళ్ల ముందే నెత్తురు కారి పోతాడు. ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. దాన్ని సైనిక వైద్యులు ముప్ఫై ఏళ్ల కిందటే రాసిపెట్టారు. మనం మాత్రం ఇంకా అంబులెన్సులు లెక్కపెట్టుకుంటున్నాం.

రెండో జవాబు సంగతే ముందు చూద్దాం. పైకి బాధ్యతగా కనిపించేది అదే కాబట్టి. 2017 మే 22 రాత్రి 10.31కి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ అరీనాలో కచేరీ ముగిసి జనం బయటికొస్తుండగా ఆత్మాహుతి బాంబు పేలింది. 22 మంది చనిపోయారు. ఆ నగరంలో అంబులెన్సులకూ ఆస్పత్రులకూ కొదవ లేదు. అయినా గాయపడ్డవాళ్లు పడి ఉన్న ఆ హాల్లోకి అడుగుపెట్టిన పారామెడిక్‌లు ముగ్గురంటే ముగ్గురు. అగ్నిమాపక సిబ్బంది చేరేసరికి రెండు గంటలు దాటింది. లోపల తుపాకీతో ఇంకెవరైనా ఉన్నారేమోనన్న అనుమానం ఒకవైపు, ఒక విభాగం ఇంకో విభాగంతో సరిగ్గా మాట్లాడుకోకపోవడం ఇంకోవైపు. స్ట్రెచర్లు పైకి రాలేదు. పోలీసులు, అక్కడున్న జనం కలిసి క్షతగాత్రుల్ని ప్రకటన బోర్డుల మీద, ఇనుప బారికేడ్ల మీద మోసుకుంటూ కిందికి దించారు. తర్వాత జరిగిన బహిరంగ విచారణ 2022లో ఇచ్చిన నివేదికలో, మృతుల్లో ఒకరికి కాళ్ల రక్తస్రావాన్ని సకాలంలో ఆపి ఉంటే బహుశా బతికేవారని తేల్చింది. ఆయన పక్కన మొదట కూర్చుని బెల్టుతో కాలికి కట్టు కట్టింది ఒక మామూలు మనిషి. దాడికీ, వైద్యం తెలిసినవాళ్ల రాకకూ మధ్య కొంత ఖాళీ ఎప్పుడూ ఉంటుందని, దాన్ని పూడ్చాల్సింది అక్కడున్న జనమే కాబట్టి వాళ్లకు నేర్పాలని కూడా ఆ నివేదిక చెప్పింది.

నా వాదన కూడా దాదాపు అదే. కాకపోతే ఇంకొంచెం ముందుకు వెళ్తాను. దాడి జరిగిన చోట మనిషిని నిలబెట్టేది పక్కనున్నవాడి చేతులు. ఆ చేతులకు ఏం చేయాలో ఎంత తెలియాలో, ఏది ఇప్పుడే చేయకూడదో కూడా అంతే తెలియాలి. మన శిక్షణల్లో ఈ రెండో సగం దాదాపు కనిపించదు.

మూడు ముక్కలుగా కోసిన సమయం

1996లో ఫ్రాంక్ బట్లర్, జాన్ హాగ్‌మన్, జార్జ్ బట్లర్ అనే ముగ్గురు అమెరికా సైనిక వైద్య పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. అప్పటిదాకా సైనిక మెడిక్‌లకు (దళంతోపాటు వెళ్లే వైద్య సహాయకులకు) నేర్పింది ఆస్పత్రి ఎమర్జెన్సీ గది కోసం తయారైన పద్ధతి. మంచి వెలుతురు ఉంటుంది, నలుగురు సాయం ఉంటారు, ఎవరూ మనమీద కాల్చరు అనే నమ్మకం మీద నడిచే పద్ధతి అది. చీకట్లో, వీపున మోసుకొచ్చిన సంచీతో, తూటాల కింద అది పనికిరాదని ఈ ముగ్గురూ తేల్చి, సమయాన్ని మూడు ముక్కలు చేశారు. కాల్పుల కింద ఉన్నంతసేపు ఒకటి, చాటుకు చేరాక ఒకటి, తరలిస్తున్నప్పుడు ఒకటి. ఇదే టీసీసీసీ (టాక్టికల్ కాంబాట్ క్యాజువాల్టీ కేర్), అంటే పోరు మధ్యలో గాయపడ్డవాళ్లకు చేసే చికిత్స. పౌరుల మీద జరిగే దాడుల కోసం ఇదే చట్రాన్ని తర్వాత కొద్దిగా మార్చి టీఈసీసీ (టాక్టికల్ ఎమర్జెన్సీ క్యాజువాల్టీ కేర్) అన్నారు.

కాల్పుల కింద చేసే పనులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆయుధం ఉన్నవాడు ముందు ఎదురుకాల్పులు జరపాలి, లేదా చాటు చూసుకోవాలి. అంటే మెడిక్ కూడా. ఎందుకంటే ఆ క్షణంలో ఇంకో గాయం కాకుండా ఆపడమే అన్నిటికన్నా పెద్ద చికిత్స. తర్వాత పడిపోయినవాడికి కేకేయాలి: కదలగలవా, అయితే ఇటు పాక్కుంటూ రా. కదల్లేవా, అయితే నీ టోర్నికెట్ (చేతికో కాలికో బిగించి నెత్తురు ఆపే పట్టీ) నువ్వే కట్టుకో. రెండూ చేతకాకపోతే చచ్చినట్టు కదలకుండా పడి ఉండు. అతడు స్పృహలో లేకపోతే అప్పుడు తీసుకురావడానికి పథకం వేయాలి. పొగ ఎవరు వేస్తారు, రక్షణగా ఎదురుకాల్పులు ఎవరు జరుపుతారు, ఎక్కడికి లాగుతాం, ఏ దారిన. ఈ నాలుగూ తేలకుండా ఒక్కడు లేచి పరుగెత్తితే అది ధైర్యమే కావచ్చు గానీ పథకం కాదు.

ఈ దశలో చేసే వైద్యం ఒకే ఒక్కటి: చేతి నుంచో కాలి నుంచో నెత్తురు ధారకడుతుంటే టోర్నికెట్. బట్టల మీదనుంచే, గాయం ఎక్కడుందో వెతక్కుండా, తొడ లేదా జబ్బ మొదట్లో, వీలైనంత పైన, వీలైనంత బిగువుగా. శ్వాసమార్గం చూడటం, గుండె మీద నొక్కడం, మెడకు కాలర్ వేయడం, ఇవేవీ ఇప్పుడు కావు. పేలుడులోనో తూటాకో నాడి ఆగిపోయిన మనిషికి అడవిలో సీపీఆర్ చేసినా తిరిగిరాడు. చేసేవాడు మాత్రం పది నిమిషాలు తల పైకెత్తుకుని కూర్చుంటాడు. ఇది చదివేటప్పుడు మనసు ఒప్పుకోదు. సీపీఆర్ గుండెపోటు వచ్చినవాళ్ల కోసం. గొట్టంలో నీళ్లే లేనప్పుడు పంపు కొట్టి ఏం లాభం?

చాటుకు చేరాక అసలు వరస మొదలవుతుంది. పెద్ద రక్తస్రావం, శ్వాసమార్గం, ఊపిరి, రక్తప్రసరణ, చివరగా చలీ తలగాయమూ. ఆస్పత్రి పద్ధతిలో శ్వాసమార్గం ముందుంటుంది. ఇక్కడ నెత్తురు ముందుకొచ్చింది. తొడలోని పెద్ద ధమని పూర్తిగా తెగితే మనిషి మూడు నుంచి ఐదు నిమిషాల్లో పోవచ్చు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేదే సుమారు ఐదు లీటర్లు, అందులో రెండు పోతే ప్రాణం అంచుకు వచ్చినట్టే.

ఈ దశలో ఇంకో పని ఉంది, పౌర వైద్యులకు ఎప్పటికీ తట్టనిది. షాక్‌లోకి (నెత్తురు పోయి ఒంటికి రక్తప్రసరణ చాలని స్థితిలోకి) జారుతున్న మనిషి, తలకు దెబ్బ తగిలిన మనిషి, గట్టి నొప్పిమందు పడిన మనిషి అయోమయంలో ఉంటాడు. ముందుగా అతడి దగ్గర్నుంచి తుపాకీ, గ్రెనేడ్లు, వైర్‌లెస్ సెట్టు తీసేసుకోవాలి. సొంతవాళ్లనే శత్రువనుకుని కాల్చే ప్రమాదం నిజంగా ఉంటుంది.

టోర్నికెట్ గురించి కొంచెం ఎక్కువసేపు

2001 నుంచి 2011 వరకు అమెరికా సైన్యంలో యుద్ధగాయాలతో చనిపోయిన 4,596 మంది రికార్డులను వైద్యులు కూర్చుని పరిశీలించారు. అందులో 87 శాతం మంది సైనిక ఆస్పత్రి గడప తొక్కకముందే పోయారు. అలా పోయినవాళ్లలో దాదాపు నాలుగో వంతును బతికించే అవకాశం ఉండేదని తేలింది. ఆ నాలుగో వంతులో 90 శాతం పైగా చనిపోయింది రక్తస్రావం వల్లే. సర్జన్లు ఎంత గొప్పవాళ్లయినా వాళ్ల బల్ల మీదికి రాని మనిషికి ఏం చేయగలరు? అదే యుద్ధాల్లో అమెరికా సైన్యపు ప్రత్యేక దళం 75వ రేంజర్ రెజిమెంట్ వంటవాడి నుంచి కమాండర్ దాకా ప్రతి ఒక్కరికీ ఇదే పద్ధతి నేర్పింది. ఆస్పత్రికి ముందు చేయాల్సింది చేయకపోవడం వల్ల తమవాళ్లు ఒక్కరూ చనిపోలేదని ఆ రెజిమెంట్ వైద్యులు 2011లో ప్రచురించారు. అక్కడ కొత్త మందేమీ లేదు. బాధ్యతను డాక్టరు చేతిలోంచి కమాండర్ చేతిలో పెట్టారు, అంతే. కాల్పుల సాధన తప్పించుకుంటే ఎలా ఊరుకోరో దీన్ని తప్పించుకున్నా ఊరుకోలేదు.

మన వైపు టోర్నికెట్ అనగానే గుర్తొచ్చేది పాము కాటుకు కట్టే తాడు. నిజానికి పాముకాటుకు కట్టు కట్టడమే వద్దని వైద్యులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఆ తాడు ఇంకో నష్టం కూడా చేసింది. ‘కొంచెం బిగువుగా, మధ్యమధ్యలో వదులు చేస్తూ’ అనే అలవాటు మనకు నేర్పింది. రక్తస్రావం విషయంలో ఆ అలవాటు ప్రాణాంతకం. సగం బిగించిన కట్టు పైపైన ఉన్న సిరల్ని మూస్తుంది, లోపలి ధమనిని మూయదు. నెత్తురు కిందికి దిగుతూనే ఉంటుంది, తిరిగి పైకి వెళ్లే దారి ఉండదు, గాయం నుంచి మునుపటికన్నా ఎక్కువ కారుతుంది. ‘కట్టు కట్టాక ఇంకా ఎక్కువైంది’ అని ఎవరైనా చెబితే తొంభై పాళ్లు ఇదే జరిగి ఉంటుంది. దానికి విరుగుడు ఇంకా బిగించడం, విప్పడం కాదు.

ఎక్కువగా వాడే క్యాట్ రకం టోర్నికెట్‌లో ఒక పట్టీ, దాన్ని మెలితిప్పి బిగించే కడ్డీ, ఆ కడ్డీని ఆపే కొక్కెం ఉంటాయి. పట్టీ వెడల్పు 3.8 సెంటీమీటర్లు. దాన్ని వేయడం ఇలా. గాయం కనిపిస్తుంటే, చాటులో ఉంటే, బట్ట చింపి చర్మం మీదే గాయానికి 5 నుంచి 8 సెంటీమీటర్ల పైన పెట్టాలి. మోకాలు, మోచేయి కీళ్ల మీద పెట్టకూడదు, అక్కడ ఎముకలు ధమనిని కాపాడేస్తాయి. జేబులో మొబైలో తాళాలో ఉంటే పట్టీ కిందనుంచి తీసేయాలి. తర్వాత పట్టీ కొసను పట్టుకుని బలంగా లాగాలి, మూడు వేళ్ల కొనలు పట్టీకీ ఒంటికీ మధ్య దూరనంత బిగువుగా. సగానికి సగం మంది తప్పు చేసేది ఇక్కడే. పట్టీ వదులుగా ఉంచేసి, ఆ వదులంతా కడ్డీ తిప్పి తీసేద్దామనుకుంటారు. కడ్డీ రెండు మూడు చుట్లకు మించి తిరుగుతోందంటే మొదటి లాగుడు సరిపోలేదని అర్థం. ఆ స్థితిలో ఇంకా తిప్పితే పట్టీ ముడతపడుతుంది, కడ్డీ విరుగుతుంది. విప్పి, మళ్లీ లాగి, మళ్లీ తిప్పాలి. నెత్తురు ఆగి, కింద మణికట్టు దగ్గరో పాదం మీదో నాడి అందనంతవరకు తిప్పి, కడ్డీని కొక్కెంలో ఇరికించి, మిగిలిన పట్టీ దానిమీదుగా చుట్టి, టైము రాయాలి. పట్టీ మీద తెల్లటి ముక్క ఉంటుంది. అది దొరక్కపోతే నుదుటి మీద మార్కర్‌తో.

కట్టించుకున్న మనిషి అరుస్తాడు. గాయంకన్నా ఇది ఎక్కువ నొప్పి పెడుతుంది. ఆ అరుపు విని జాలిపడి ఒక చుట్టు వదులు చేసేవాళ్లు ఉంటారు. నొప్పి వస్తోందంటే కట్టు సరిగ్గా పడిందనే. ఒక్కటి చాలకపోతే, ముఖ్యంగా లావుపాటి తొడకు, దాని పక్కనే పైవైపు రెండోది వేయాలి. మొదటిదాన్ని తీయకూడదు. బాగ్దాద్‌లోని ఒక సైనిక ఆస్పత్రిలో 2006లో లెక్క చూస్తే, షాక్ రాకముందే టోర్నికెట్ పడినవాళ్లలో 90 శాతం బతికారు. షాక్ వచ్చాక పడినవాళ్లలో బతికింది 10 శాతం. పట్టీ అదే, సర్జన్లు వాళ్లే.

తువ్వాలుతో, బెల్టుతో చేయలేమా? బెల్టు మందం, దాన్ని మెలిపెట్టలేం, అందుకే చాలాసార్లు అది సిరల్ని మాత్రమే మూసే కట్టుగా మిగిలిపోతుంది. నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పున మడిచిన గుడ్డ, తిప్పడానికి గట్టి పుల్ల, తిప్పాక ఆ పుల్ల వెనక్కి తిరక్కుండా ఇంకో ముడి, ఈ మూడూ ఉంటే పనిచేయొచ్చు. పుల్ల లేని గుడ్డకట్టు దాదాపు ఎప్పుడూ విఫలమవుతుంది. సన్నని తాడు, వైరు కండను కోసేస్తాయి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే నకిలీ టోర్నికెట్లు మాత్రం వద్దే వద్దు. చూడ్డానికి అచ్చం అసలుదానిలాగే ఉంటాయి, తిప్పగానే ప్లాస్టిక్ కడ్డీ వంగిపోతుంది.

కట్టు పడని చోట్లు

గజ్జ, చంక, మెడ మొదలు. వీటికి పైన టోర్నికెట్ వేసే జాగా ఉండదు. ఇక్కడ గాయంలోకి వేలు పెట్టి నెత్తురు చిమ్మే చోటును వెతకాలి. ఆ చోటు మీదే గాజ్ (గాయాలకు వాడే పల్చటి గుడ్డ) కొసను పెట్టి, వేలు తీయకుండా, రెండో చేత్తో గాజ్‌ను అడుగు నుంచి కూరుకుంటూ రావాలి. గాయం నోరు నిండాక కూడా చర్మం పైకి ఉబ్బెత్తుగా వచ్చేదాకా కూరాలి. తర్వాత మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా వేసి నొక్కాలి. కేయోలిన్‌తోనో కైటోసాన్‌తోనో తయారైన రక్తం గడ్డకట్టించే గాజ్ అయితే కనీసం మూడు నిమిషాలు. మామూలు గాజ్ అయితే పది. మధ్యలో ‘ఆగిందా’ అని ఎత్తి చూడకూడదు, అప్పుడే పుట్టిన గడ్డ ఊడొస్తుంది. మనలో ఎక్కువమంది చేసే పని గాయం మీద దూది, గుడ్డ పేర్చడం. కింద ధమని కారుతూనే ఉంటుంది, పైన గుడ్డలు తడుస్తూ ఉంటాయి, ఆగినట్టు కనిపిస్తుంది. పసుపు, కాఫీ పొడి సంగతి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను, వంటింట్లో వేలు తెగినప్పుడు వాటి సంబరం చూసుకోవచ్చు.

ఛాతీలో, పొట్టలో మాత్రం కూరకూడదు. అక్కడ లోపలి నెత్తురును ఆపేది కత్తే. అంటే వేగంగా సర్జన్ దగ్గరికి చేర్చడమే.

శ్వాసమార్గం గురించి ఒక్క ముక్క. ముఖం పగిలి, నోట్లో నెత్తురు ఊరుతూ, స్పృహలో ఉన్న మనిషి ముందుకు వంగి కూర్చుంటానంటాడు. కూర్చోనివ్వాలి. స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెట్టి పట్టీలు బిగిస్తే తన నెత్తుటిలో తనే మునిగిపోతాడు. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

ఛాతీకి చిల్లు పడి గాలి లోపలికి పీల్చుకుంటుంటే దాన్ని మూయాలి, వీలైతే గాలి బయటికి పోయే కవాటం ఉన్న అంటుడు పట్టీతో. పాలిథీన్ ముక్కకు మూడు వైపులా ప్లాస్టర్ వేయడం పాత పుస్తకాల పద్ధతి. నెత్తురు, చెమట తగిలితే అది నిలవదు. మూసిన తర్వాత కాపలా ఉండటం ముఖ్యం. ఊపిరి రానురాను కష్టమవుతుంటే, మనిషి ఆందోళన పడుతుంటే, లోపల గాలి పేరుకుని ఊపిరితిత్తినీ గుండెనూ నొక్కేస్తోందన్నమాట. ముందు పట్టీ అంచు ఎత్తి గాలి పోనివ్వాలి. అప్పటికీ తగ్గకపోతే 8 సెంటీమీటర్ల పొడవున్న 14 గేజ్ సూది దింపాలి, అది శిక్షణ ఉన్నవాడి పని. సెలైన్ ఎక్కించే మామూలు సూదులు చాలామందిలో ఛాతీ గోడ దాటి లోపలికి చేరవు. సూది దించినా మార్పు లేదంటే తరచూ కారణం అదే.

సెలైన్ మీద మన మోజు

‘గ్లూకోజు ఎక్కించారా?’ అనేది మన ఊళ్లలో వైద్యానికి కొలమానం. నెత్తురు పోయిన మనిషికి రెండు లీటర్ల సెలైన్ ఎక్కిస్తే మూడు చెడులు జరుగుతాయి. మిగిలిన నెత్తురు పలచబడి గడ్డకట్టే శక్తి పోతుంది. రక్తపోటు ఒక్కసారిగా పెరిగి, అప్పుడే ఏర్పడ్డ గడ్డను తోసేస్తుంది. ఒళ్లు చల్లబడుతుంది. అందుకే టీసీసీసీలో పోయిన నెత్తురుకు బదులు నెత్తురే ఎక్కించాలంటారు. అది అందేలోగా స్పృహ, మణికట్టు దగ్గర నాడి నిలిచి ఉంటే చాలు, రక్తపోటు పై అంకె 100 దగ్గర ఉంటే చాలు. రక్తపోటును మామూలు స్థాయికి తేవాలని తొందరపడకూడదు. తలకు దెబ్బ తగిలినవాడు మాత్రం దీనికి మినహాయింపు, మెదడుకు తక్కువ ఒత్తిడి చేటు.

చలి సంగతి చెబితే మనవాళ్లు నవ్వుతారు, రోహిణి కార్తెలో చలేమిటని. నెత్తురు పోయిన ఒళ్లు తన వేడిని తను పుట్టించుకోలేదు. లోపలి ఉష్ణోగ్రత 35 లోపుకు దిగితే గడ్డకట్టే ప్రక్రియ మందగిస్తుంది. నెత్తురు ఇంకా కారుతుంది, ఇంకా చల్లబడుతుంది. తడిసిన బట్టలు తీసేసి, కిందా పైనా కప్పాలి. కిందిది ఎక్కువ ముఖ్యం. నేల, లారీ రేకు వేడిని లాగేస్తాయి.

నెత్తురు గడ్డ కరిగిపోకుండా చూసే ట్రానెక్సామిక్ ఆమ్లం గురించి ఎంత చెప్పినా తక్కువే. నెలసరి ఎక్కువైనప్పుడు వాడే మందుగా మన మెడికల్ షాపుల్లో తెలిసిందే, చవకైనదే. 2010లో వెలువడ్డ క్రాష్-2 పరిశోధనలో 40 దేశాల్లో 20,211 మంది గాయపడ్డవాళ్లను చూశారు. మన దేశపు ఆస్పత్రులు కూడా అందులో ఉన్నాయి. ఆ మందు ఇచ్చినవాళ్లలో మరణాలు 14.5 శాతం, ఇవ్వనివాళ్లలో 16 శాతం. తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ ఇంత చవకైన మందుకు అది పెద్ద ఫలితం. అయితే గాయమైన మూడు గంటల్లోపు నరానికి ఎక్కించాలి. మూడు గంటలు దాటాక ఇస్తే రక్తస్రావం వల్ల చావులు తగ్గకపోగా పెరిగాయి. అంటే ఈ మందు ఉండాల్సిన చోటు జిల్లా ఆస్పత్రి అల్మరా కాదు, బయల్దేరిన బండి.

నొప్పికి అందరూ వేసే డైక్లోఫెనాక్, బ్రూఫిన్, ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ల పని చెడగొడతాయి, తూటా తగిలినవాడికి అవి ఇవ్వకూడదు. నోటితో మింగగలిగితే పారాసిటమాల్ ఇవ్వొచ్చు.

యుక్రెయిన్ నేర్పిన రెండో పాఠం

ఇంతవరకు చెప్పింది ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో నలిగి తేలిన పద్ధతి. అక్కడ ఆకాశం అమెరికాది. హెలికాప్టర్ గంటలోపు వచ్చేది. టోర్నికెట్ వేసేసి వదిలేసినా నడిచింది. యుక్రెయిన్‌లో డ్రోన్లు ఆ లెక్కను తలకిందులు చేశాయి. అంబులెన్సు కదిలితే దాన్నే కొడుతున్నాయి. గాయపడ్డవాళ్లు గంటలకొద్దీ, కొన్నిసార్లు రోజులకొద్దీ కందకాల్లోనే ఉండిపోతున్నారు. అక్కర లేకుండా వేసిన టోర్నికెట్లు, ఎవరూ తిరిగి చూడని టోర్నికెట్లు కాళ్లను పోగొట్టాయి, మూత్రపిండాలను చెడగొట్టాయి.

దీన్ని చూపించి టోర్నికెట్లే వద్దనేవాళ్లు బయల్దేరారు. నాకు ఆ మాట ఒప్పు కాదు. వేయడం నేర్పి, తీయడం నేర్పకపోవడం అసలు తప్పు. చాటుకు చేరాక ప్రతి టోర్నికెట్‌నూ తిరిగి చూడాలి, రెండు గంటలు దాటకముందే. మనిషి షాక్‌లో లేకపోతే, గాయం మీద కన్నేసి ఉంచగలిగితే, అవయవం తెగిపోకుండా ఉంటే, మార్చడానికి ప్రయత్నించాలి. ముందు గాయంలో గాజ్ కూరి, నొక్కి, బిగువైన కట్టు వేయాలి. ఆ తర్వాతే కడ్డీని మెల్లగా వదులు చేస్తూ చూడాలి. కారలేదంటే టోర్నికెట్‌ను వదులుగా అక్కడే ఉంచాలి, మళ్లీ కారితే వెంటనే బిగించడానికి. ఆరు గంటలు దాటిందా, ముట్టుకోకూడదు. చచ్చిన కండలోంచి పొటాషియం, విషపదార్థాలు ఒక్కసారిగా గుండెకు చేరి అది ఆగిపోవచ్చు. అది పరీక్షలు చేయగలిగే ఆస్పత్రి పని. ఇది పాత అలవాటులా పావుగంటకోసారి వదులు చేయడం లాంటిది కాదని గమనించాలి. అక్కడ గాయానికి ఏ ఏర్పాటూ చేయకుండా నెత్తురును విడతలవారీగా పారబోస్తారు.

మన దగ్గర

ఇది దూరదేశాల గొడవ కాదు. 2025 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ–ఛత్తీస్‌గఢ్ సరిహద్దు కర్రెగుట్టల్లో జరిగిన ఆపరేషన్‌లో 450 ఐఈడీలు (నాటు పద్ధతిలో తయారుచేసిన బాంబులు) దొరికాయని, వాటి పేలుళ్లలో 18 మంది జవాన్లు గాయపడ్డారని ప్రభుత్వమే ప్రకటించింది. కాలిబాటలో పాతిన, అడుగు పడగానే పేలే ప్రెజర్ ఐఈడీ పాదాన్ని, కాలి కింది భాగాన్ని తీసేస్తుంది. అచ్చంగా టోర్నికెట్ కోసమే పుట్టిన గాయం. దాని పక్కనే ఇంకోటి పాతి ఉంటుంది, పరుగెత్తుకొచ్చేవాడి కోసం. కాబట్టి మొదటి కట్టు పడ్డవాడే కట్టుకోవాలి. తోటివాడు తను నడిచొచ్చిన అడుగుల్లోనే అడుగులేస్తూ, నేల తడుముకుంటూ రావడానికి పది నిమిషాలు పట్టొచ్చు.

బస్తర్ కోసం డీఆర్‌డీఓ తయారుచేసిన బైకు అంబులెన్సులు 2021 జనవరిలో సీఆర్‌పీఎఫ్‌కు అందాయి. మంచి ఆలోచనే. అల్లూరి జిల్లా ఏజెన్సీలో ఇప్పటికీ డోలీ మోస్తున్నవాళ్లకు దాని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ బైకు వచ్చేది ఇరవై నిమిషాలకో గంటకో. బడ్జెట్ ఒకటే అయినప్పుడు నేను ముందు ప్రతి జవాను చొక్కాకు రెండేసి టోర్నికెట్లకు ఓటేస్తాను, బైకుకు ఆ తర్వాత.

నగరాల లెక్కా అంతే. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లలో 42 మంది పోయారు. అదే రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు ఒకటి దొరికింది. 2013 ఫిబ్రవరి 21న అదే దిల్‌సుఖ్‌నగర్‌లో కొద్ది దూరంలో, కొద్ది నిమిషాల తేడాతో రెండు పేలాయి. మొదటి పేలుడుకు గుమిగూడిన జనం మీద రెండోది పేలే చోట, ‘ముందు అందరూ ఇక్కణ్నుంచి కదలండి, గాయపడ్డవాళ్లను గోడ చాటుకు లాగండి, వైద్యం అక్కడ’ అని గట్టిగా చెప్పగల ఒక హోంగార్డు పదిమంది డాక్టర్లతో సమానం. 108 పుట్టిందే హైదరాబాద్‌లో, 2005లో. వాహనాన్ని పిలిపించే వ్యవస్థ ఇరవై ఏళ్ల కిందటే కట్టుకున్నాం. ఆ వాహనం గుంపు అంచున ఆగిపోయినప్పుడు లోపలికి ఎవరు వెళ్తారన్నది తేల్చుకోలేదు. అమెరికాలో కొన్నిచోట్ల ఇద్దరు పారామెడిక్‌లకు నలుగురు సాయుధ పోలీసులు ముందూ వెనకా కాపలాగా, దుండగుడు పూర్తిగా దొరక్కముందే, కాల్పులు వినిపించని భాగంలోకి పంపుతున్నారు. నెత్తురు ఆపి, లాగి బయటపడేయడమే వాళ్ల పని, ఇంకేమీ చేయరు. ఉగ్రదాడులను ఎదుర్కొనే ఆక్టోపస్ పోలీసు బలగాలూ 108 సిబ్బందీ కలిసి ఏడాదికి రెండుసార్లు ఇలాంటి డ్రిల్లు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. రెండు కార్యాలయాలు ఒకే మైదానంలో కలవాలి, అంతే.

పోలీసు స్టేషన్‌కో, మాల్‌కో, రైల్వే స్టేషన్‌కో ఒక సంచీ పెట్టాలంటే: టోర్నికెట్లు ఆరు, గాజ్ రోల్స్ పన్నెండు, ఒత్తిడి కట్లు ఆరు, ఛాతీ పట్టీలు నాలుగు, బట్టలు కోసే మొండి కత్తెర రెండు, గ్లోవ్స్, రేకు దుప్పట్లు, మార్కర్లు, మడతపెట్టే గుడ్డ స్ట్రెచర్లు రెండు. బీపీ మెషిన్ వద్దు, సెలైన్ వద్దు. తాళం అసలే వద్దు. టోర్నికెట్ల మీదున్న ప్లాస్టిక్ కవర్లు ముందే తీసి, పట్టీ మడత సరిచేసి పెట్టాలి. నెత్తుటి చేతులకు ఆ కవర్ చిరగదు. ఎండ తగిలే కిటికీ పక్కనా, జీపు డ్యాష్‌బోర్డు మీదా వదిలేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. ఒంటి మీద మోసేవాళ్లు కుడిచేత్తోనైనా ఎడమచేత్తోనైనా అందేలా నడుము మధ్యలోనో ఛాతీ మీదో పెట్టుకోవాలి. తొడ జేబులో పెట్టుకుంటే ఆ తొడే తెగినప్పుడు దొరకదు. సాధనకు వేరే టోర్నికెట్లు కొనాలి, వాటిని నీలం రంగులో అమ్మేది అందుకే. నెలల తరబడి తిప్పి తిప్పి అలసిపోయిన కడ్డీని మళ్లీ ఎమర్జెన్సీ సంచీలో పెట్టేవాళ్లు ప్రతి చోటా ఒకరుంటారు.